జె.డి. గారి గదిలో శీలావతి

మా మత్స్యశాఖ ఆఫీసులో నా పని చీటీలు గుచ్చడం. అర్జీ ఏదైనా రానివ్వండి, దాని నెత్తిన అరచేతిలో సగం ఉండే తెల్లచీటీ పెట్టి, గుండుసూది గుచ్చి, ‘చర్చించండి’ అని రాసి పైకి పంపుతాను. ఎవరితో చర్చించాలో పైవాళ్ళకి తెలియదు. అందుకని కిందికి పంపుతారు. కింద ఉన్నది నేనే. పంతొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. నా పేరు వేమవరపు అనంతపద్మనాభం. ఆ పేరు నా చీటీలో పట్టదు కాబట్టి పొడి అక్షరాలే వేస్తాను. ‘ఆఫీసులో మీరేం చేస్తారండీ?’ అని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది.

అలాంటి నా ఉద్యోగానికి సృష్టిలోనే ఒక స్థానం ఉందని ఈ మధ్యే తెలిసింది. చెప్పినవారు మా జాయింట్ డైరెక్టరు డాక్టర్ త్రిపురాంతకం గారు. ఆయన చేపల మీద జరిగిన ఏదో సదస్సుకి పదకొండు రోజులు చలిదేశం వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చిన మర్నాడు మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టి బోర్డు మీద చేప బొమ్మ వేశారు. కింద ‘చేప’ అని కూడా రాశారు కాబట్టి పోల్చుకోగలిగాం.

"చేప ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక ప్రధాన కార్యాలయం ఉంటుంది," అన్నారాయన. "అందులో జన్యువులనే పై అధికారులు ఉంటారు. పెరుగు, కొవ్వు పట్టు, గుడ్లు పెట్టు అని ఉత్తర్వులిస్తారు. ఉత్తర్వు నకలు బయటికొస్తుంది. వెంటనే అమలైపోతుందా? కాదు! సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ అని ఒకటుంది. ఇరవై రెండక్షరాల బుల్లి చీటీ. అది వెళ్ళి ఆ నకలుకి అంటుకుంటుంది. అంతే, ఉత్తర్వు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఒక్కోసారి నకలునే చింపి పారేస్తుంది."

హాల్లో ఉన్న పదిహేనుమందీ వెనక్కి తిరిగి నావైపు చూశారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

"చేపకి కలత కలిగితే ఈ చీటీల్లో ఒక రకం నెత్తుట్లో పెరుగుతుంది. పెరగమన్న ఉత్తర్వులు ఆగిపోతాయి. అంటే చీటీలు లెక్కపెడితే చేప మనసు తెలిసిపోతుందన్నమాట. ఇంతకాలం మనం చేప బరువు చూశాం. పొడుగు చూశాం. మనసు చూశామా?"

ఎవరమూ చూడలేదని ముక్తకంఠంతో ఒప్పుకున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సైన్సుది తప్పేం లేదు. చీటీలున్న మాట నిజమే, అవి పెరిగే మాటా నిజమే. చేప ఏ పాపమూ ఎరగదు. మధ్యలో మేమున్నాం, అదొక్కటే చిక్కు.

వారం తిరక్కుండా ‘మత్స్య మనశ్శాంతి ధ్రువీకరణ పథకం’ పుట్టింది. ఉత్తర్వు టైపు చేసింది నేనే. "ఇందుమూలముగా సమస్త చేపల రైతులకు తెలియజేయడమేమనగా, చెరువులోని చేపలు సంపూర్ణ మనశ్శాంతితో ఉన్నట్లు ఈ కార్యాలయం నుండి ధ్రువపత్రం పొందనిదే పట్టుబడి నిమిత్తం ఏ చెరువునందునూ వల దించరాదు." అంటే చేప ప్రశాంతంగా ఉంటేనే చంపనిస్తాం. కలతపడ్డ చేపని చంపడం అమానుషం.

సంపూర్ణం అంటే ఎంత అన్న ప్రశ్న వచ్చింది. దానికి జె.డి. గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఒక చేపని పరమ ప్రశాంతమైన చోట పెట్టి, దాన్ని కొలతబద్దగా వాడాలి. దానికి ‘ప్రామాణిక మత్స్యం’ అని పేరు. మరి పరమ ప్రశాంతమైన చోటెక్కడ? జిల్లా అంతా ఆలోచించి, తన గదేనని ఆయన తేల్చారు.

ఉత్తర్వులో ఏడో నిబంధన ఇలా ఉంది: "జాయింట్ డైరెక్టరు గారి ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉన్న ప్రామాణిక మత్స్యం నెత్తుటిలో సదరు చీటీలు ఎన్ని ఉన్నవో, జిల్లాలోని యావత్తు చేపలకు అదియే గరిష్ఠ పరిమితి. సదరు మత్స్యము యొక్క ఫలితం వచ్చు పర్యంతం పరిమితిని సున్నాగా భావించవలెను." ఎనిమిదోది ఇలా ఉంది: "ప్రామాణిక మత్స్యమునకు కలత కలిగించు ఎట్టి చర్యయును, కలత కలుగునట్లు సూది గుచ్చుటతో సహా, చేపట్టరాదు." రెండూ కలిపి చదివితే ఎక్కడో ఏదో తేడా కొట్టింది. కానీ టైపు చేసేవాడు ఏ నిబంధనకా నిబంధన విడిగా చదువుకోవాలి. కలిపి చదవడం మొదలెడితే ఆఫీసులో ఎవరికీ నిద్ర పట్టదు.

చేపల నెత్తురు తియ్యాల్సిన ఫీల్డు అసిస్టెంటు పోస్టు ఖాళీ. ‘చీటీల విషయంలో విశేషానుభవం దృష్ట్యా’ ఆ బాధ్యత కూడా నాకే అప్పగించారు. రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. తోక దగ్గర కిందివైపు సూది పెట్టాలి, వణక్కూడదు. నేను వణికేవాణ్ణి. చేప కూడా వణికేది. ఇద్దరం సర్దుకుపోయాం.

ప్రామాణిక మత్స్యం వచ్చింది. కిలోన్నర శీలావతి, గులాబిరంగు పొలుసులు, మెరిసే కళ్ళు. జె.డి. గారి బల్ల పక్కన అద్దాల తొట్టిలో ప్రతిష్ఠించారు. ఆరోజు నుంచి ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. ఫ్యాను వెయ్యకూడదు. గంట కొట్టకూడదు కాబట్టి అటెండరు పోతురాజు కావలసినప్పుడు సారు గుమ్మం వైపు జేబురుమాలు ఊపేవారు. పోతురాజు చూడకపోతే ఊపుతూనే ఉండేవారు. చేపకి మేత వెయ్యడం, నీళ్ళు మార్చడం పోతురాజు పనే. వాడు దానికి ‘పెద్దసారు’ అని పేరు పెట్టి, పొద్దున్నే ముందు దానికి దణ్ణం పెట్టి, తరవాత జె.డి. గారికి పెట్టేవాడు.

సమీక్షా సమావేశాలు కూడా అక్కడే జరిగేవి. రోజుకి మూడు. గుసగుసగానే మాట్లాడుకునేవాళ్ళం. ఫోన్లు మాత్రం ఆయన స్పీకరులో పెట్టేవారు. రాజధాని నుంచి పై అధికార్లు అరిచే అరుపులు గాలిలోనే తిరుగుతాయనీ, నీళ్ళలోకి దిగవనీ ఆయన సిద్ధాంతం.

సైదు నాగరత్నమ్మ మొదటిసారి వచ్చింది మార్చి ఇరవయ్యారున. కొల్లేటి లంకల మనిషి, యాభై దాటిన ఆడది. ఆరెకరాల చెరువు ఆవిడది. మేత కట్టేది ఆవిడే, పడవ తోసేది ఆవిడే, బేరమాడేది ఆవిడే. భర్త గట్టు మీద కాపలా. అంటే నిద్ర.

"కాలవ ఏప్రిలు ఇరవైకి కట్టేస్తన్నారండీ," అంది నా బల్ల ముందు నిలబడి. "ఇప్పటికే నీళ్ళు నడుం లోతుకి దిగిపోయాయి. తెల్లారగట్ల చేపంతా పైకొచ్చి నోళ్ళు తెరుస్తంది. ఈలోగా పట్టుబడి చేసుకోపోతే మొత్తం తెల్లగా తేలిపోద్దండీ. పద్నాలుగు నెలలు పెంచానండీ, బాబూ. ఆ కాయితమేదో ఇప్పించండి, మీకు పుణ్యముంటది."

అర్జీ తీసుకున్నాను. చీటీ పెట్టాను. సూది గుచ్చాను. ‘చర్చించండి.’

మూడోరోజున నెత్తుటి పెట్టె పట్టుకుని వాళ్ళ చెరువుకి వెళ్ళాను. మార్గదర్శకాల ప్రకారం చేపల్ని వలలో బిగించాక, ఇద్దరు పెద్దమనుషులు సాక్షిసంతకం పెట్టి, ఫోటో తీసి, పంచనామా పూర్తయ్యాకే సూది పెట్టాలి. అప్పటిదాకా చేప వలలోనే ఉండాలి. పెద్దమనుషుల్లో ఒకాయన పెళ్ళిభోజనానికి వెళ్ళాడు. ఇంకొకాయన సంతకం పెట్టనన్నాడు, ముందు తన ఇంటి ముందు రోడ్డు వేయించమన్నాడు. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ చేపలు వలలో ఒకదాని మీద ఒకటి ఎగిరెగిరి పడ్డాయి.

నాగరత్నమ్మ ఒడ్డున నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మిమ్మల్ని మూడు గంటలు పోలీస్టేషన్లో కుదేసి, అప్పుడు బీపీ చూస్తే ఎంతుంటదండీ?"

ఆమె వాంగ్మూలాన్ని నేను ‘రైతు పూర్తిగా సహకరించారు’ అని రాసుకున్నాను.

ఫలితం వచ్చింది, చీటీలు ఇరవయ్యారు. జె.డి. గారు కాయితం చూసి నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. "ఇరవయ్యారా! పాపం, ఎంత క్షోభ! ఆ చెరువులో పరిస్థితులు అధ్యయనం చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది," అన్నారు.

అధ్యయనానికి ఆయనే స్వయంగా వచ్చారు, సాక్సులతో, చప్పుడు కాకుండా. గట్టు మీద నడుస్తూ కలత కారకాలను గుర్తించారు. మొదటిది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటరు. చప్పుడు ఎక్కువ, ఆపాలి.

"అది ఆపితే చేప చస్తదండీ!" అంది నాగరత్నమ్మ.

"చావు వేరే విభాగం పరిధిలోకి వస్తుందమ్మా. మాది మనశ్శాంతి," అన్నారాయన. చివరికి కనికరించి, మోటారు మీద బొంత కప్పి నడుపుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. రెండో రోజున బొంత కాలింది. మోటారు కూడా కాలింది. చప్పుడు ఆగినట్లు సారు సంతృప్తి వ్యక్తం చేశారు. నాగరత్నమ్మ వియ్యంకుడి దగ్గర ఒక ఏరియేటరు ఎరువు తెచ్చుకుని, మేం రానప్పుడు తిప్పుకుంది. నేను చూశాను. చూడనట్లు రాశాను.

రెండోది, పక్షులు. నీటికాకులూ గూడబాతులూ చెరువు మీద వాలితే చేపకి ప్రాణభయం. ప్రాణభయం కలతే. వాటిని బెదరగొట్టడానికి రైతులు డబ్బాలు వాయిస్తారు, టపాకాయలు కాలుస్తారు. అది చేపకి ఇంకా కలత. టపాకాయలు నిషేధించి, పక్షులు రాకుండా చూడాల్సిందిగా జె.డి. గారు అడవుల శాఖకి లేఖ రాశారు. వాళ్ళ అధికారి ఒకాయన ఖాకీ చొక్కాతో వచ్చి, చెప్పులు విప్పి, గుసగుసగా కోప్పడ్డారు.

"పక్షులు మా పరిధి. చేపలు దొరక్క వాటికి కలిగే మనస్తాపానికి బాధ్యులెవరు? వాటికీ నెత్తురుంది. వాటి నెత్తుట్లోనూ చీటీలుంటాయి. మేమూ లెక్కపెట్టగలం!"

"తప్పకుండా లెక్కపెట్టండి. సంయుక్త సంఘం వేద్దాం," అన్నారు జె.డి. గారు.

సంఘం వేశారు. దాని మీద కూడా నేనే చీటీ గుచ్చాను. తొట్టిలో శీలావతి అదంతా చూస్తూనే ఉంది.

నాగరత్నమ్మ రోజు మార్చి రోజు వచ్చేది. లంక నుంచి పడవ దిగి, ఆటో ఎక్కి, పదింటికల్లా వచ్చి సారు గది గుమ్మం దగ్గర కూర్చునేది. సారు ఉన్నప్పుడు ఆయన్ని బతిమాలేది. లేనప్పుడు చేపని చూస్తూ కూర్చునేది. ఏప్రిలు ఆరో తేదీన నా దగ్గరికొచ్చి చెప్పింది.

"ఈ చేపకి బాలేదండీ."

"ఏ చేపకి?"

"అదేనండీ, అద్దాలపెట్టెలోది. మూల చేరిందండీ. చేప మూల చేరిందంటే ఇంక దాన్లో జీవం లేనట్టే. ఒళ్ళు నల్లబడింది చూడండి. మేత ముట్టట్లేదు."

నేను సారుకి మనవి చేశాను. ఆయన తొట్టి వైపు వాత్సల్యంగా చూశారు. "కదలదు, తినదు, ఎవరినీ పట్టించుకోదు. పద్మనాభం, దీన్నేమంటారో తెలుసా? స్థితప్రజ్ఞత. మన చెరువుల్లో చేపలు ఈ స్థాయికి రావాలి," అన్నారు. ఆ వాక్యాన్ని మర్నాడు సర్క్యులరులో కూడా పెట్టించారు.

రెండోసారి నెత్తురు తియ్యడానికి వెళ్ళినప్పుడు నాగరత్నమ్మ వల వద్దంది. "మీ పెద్దమనుషులూ వద్దు, ఫోటోలూ వద్దు. నాతో పడవెక్కండి," అంది.

ఎక్కాను. ఆ చెరువులో మేత ఎలా వేస్తారంటే, నీళ్ళలో వరసగా కర్రలు పాతి, చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి ఆ కర్రలకి కడతారు. చేపలొచ్చి సంచిని మూతితో పొడిచి తింటాయి. ఆవిడ పడవ ఆపి, గెడతో ఒక కర్రని మూడుసార్లు తట్టింది. టక్, టక్, టక్. నీళ్ళు కదిలాయి. నలుమూలల నుంచీ చేపలు వచ్చి పడవ చుట్టూ చేరాయి. ఆవిడ చెయ్యి నీళ్ళలో పెట్టి, పొట్ట కింద అరచెయ్యి వేసి, చంటిపిల్లని ఎత్తినట్టు ఒకదాన్ని ఎత్తింది. అది కిక్కురుమనలేదు. "కానివ్వండి, తల్లీ ఏడవదు, పిల్లా ఏడవదు," అంది. రెండు నిమిషాల్లో నెత్తురు తీసేశాను. నా చెయ్యి వణకలేదు. సాక్షుల చోట మాత్రం, ఆ పెద్దమనుషుల దగ్గర ముందే పెట్టించి ఉంచుకున్న సంతకాలు వాడాను. అది ప్రభుత్వంలో మామూలే.

ఫలితం నాలుగు. ఇరవయ్యారు నుంచి నాలుగు! నేనే కాయితం పట్టుకుని సారు గదిలోకి దాదాపు పరిగెత్తాను, వట్టికాళ్ళతో.

"అభినందనీయమైన పురోగతి," అన్నారు జె.డి. గారు. "కానీ పరిమితి సున్నా కదా."

పక్కనే ఉన్న నాగరత్నమ్మ ఆగలేకపోయింది. "బతికున్న చేపకి సున్నా ఎలాగొస్తదండీ? చచ్చిన చేపకొస్తది సున్నా!"

సారు ఆలోచనలో పడ్డారు. "అది పరిశీలించదగిన సూచనే," అని డైరీలో రాసుకున్నారు.

నేను అర్జీ తీసుకెళ్ళి రెండో చీటీ గుచ్చాను.

ఏప్రిలు పద్నాలుగు. ఆరోజు నాగరత్నమ్మ ఆలస్యంగా వచ్చింది. తడిగోనె విప్పి, మూడు శీలావతుల్ని నా బల్ల మీద, చీటీల కట్ట పక్కన పెట్టింది. చచ్చిపోయి ఉన్నాయి. నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"ఇయ్యాళ తెల్లారేటప్పటికి నలభై తేలాయండీ," అంది. "రేపు నాలుగొందలు తేల్తాయి. ఎల్లుండి ఇంక లెక్కపెట్టక్కర్లేదు. కాలవలో నీళ్ళు తగ్గించేశారప్పుడే. దొంగతనంగా వల దింపుదామంటే బండి వాళ్ళు కాయితం లేందే ఎక్కించుకోమంటన్నారు. రాత్రంతా ఎరువు తెచ్చిన మిషను తిప్పుతున్నాను. నా గుండె కొట్టుకున్నంతసేపూ తిప్పుతాను. దానికీ ఒక అంతుంటదిగా!"

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నేను ‘ఊరుకోండమ్మా’ అనేవాణ్ణి. ఆ అర్జీ నా బల్ల మీదే ఉంది, మూడో చీటీ కోసం. సూది చేతిలోకి తీసుకున్నాను. నిజం చెప్తున్నాను, గుచ్చలేకపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని కాయితాలు పొడిచానో, వాటి కింద ఎన్ని నోళ్ళు ఇలా తెరుచుకుని ఉన్నాయో అనిపించింది.

"ఒక్క మాట అడుగుతానండీ," అంది నాగరత్నమ్మ. "ఆ అద్దాలపెట్టెలో చేపకి ఎంతుందో ఎవరన్నా చూశారా?"

"చూడకూడదమ్మా. ఎనిమిదో నిబంధన. దానికి కలత కలిగించే ఏ చర్యా చేపట్టరాదు."

"నేను పడితే కలతెందుకు పడుద్ది? మీరు చూశారుగా!"

నేను కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ‘కలత కలిగించు ఎట్టి చర్యయును.’ కలిగించని చర్య గురించి ఎనిమిదో నిబంధన ఒక్క మాట కూడా అనలేదు. ఆ నిబంధన టైపు చేసిన వేళ్ళు నావే. నాకు తెలియకుండా నేనే ఒక తలుపు తెరిచి ఉంచాను.

జె.డి. గారు పై అంతస్తులో వీడియో సమావేశానికి వెళ్ళారు. రెండు గంటలు రారు. పోతురాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దసారుకి నొప్పెడితే మాత్రం ఊరుకోనండోయ్," అన్నాడు.

నాగరత్నమ్మ గాజులు పైకి తోసుకుంది. తొట్టి అంచు మీద వేలిముడితో తట్టింది. టక్, టక్, టక్. శీలావతి మూలలోంచి కదల్లేదు. మళ్ళీ తట్టింది. దాని తోక కొంచెం ఆడింది. మూడోసారి తట్టేసరికి అది మెల్లిగా ఇటు తిరిగింది, మెల్లిగా పైకొచ్చింది, ఆవిడ అరచేతిలో పొట్ట ఆన్చింది. ఎప్పుడో ఏ చెరువులోనో ఎవరో అలా తట్టి పిలిచి ఉంటారు దాన్ని. "రామ్మా రా, ఎవరు తెచ్చి పెట్టారమ్మా నిన్నిక్కడ," అందావిడ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగే సూది పెట్టి తీశాను.

మధ్యాహ్నం చెరువుకెళ్ళి తీసిన ఆవిడ చేపల మూడో నమూనాతోపాటు దీన్నీ ఆ సాయంత్రమే లాబుకి పంపించాను. అర్జెంటు అని రాశాను. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట నేను రాయడం అదే మొదలు.

పద్దెనిమిదో తేదీ పొద్దున సీలు కవరు వచ్చింది. మామూలుగా అయితే దాని మీద కూడా చీటీ గుచ్చాలి. గుచ్చకుండా తిన్నగా తీసుకెళ్ళి సారు చేతిలో పెట్టాను. నాగరత్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లారేసరికి నాలుగొందలు తేల్తాయన్నది కదా, ఆ వియ్యంకుడి మిషను ధర్మమా అని రెండొందలతో ఆగాయి. ఇంక రెండురోజుల్లో కాలవ కట్టేస్తారు.

సారు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"సైదు నాగరత్నమ్మ చెరువు, అయిదు. ప్రామాణిక మత్స్యం..." ఆయన కాయితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "అరవై ఒకటి?"

మూడు గంటలు వలలో ఎగిరెగిరి పడ్డ చేపకి వచ్చింది ఇరవయ్యారు. జె.డి. గారి గదిలో, చెప్పుల చప్పుడు కూడా లేకుండా కూర్చున్న చేపకి వచ్చింది అరవై ఒకటి.

"యంత్రం తప్పు అయ్యుంటుంది," అన్నారాయన.

"యంత్రాన్ని తమరే ప్రారంభించారండి. రిబ్బను కూడా తమరే కత్తిరించారు," అన్నాను.

"అసలు దీని నెత్తురు తియ్యమన్నది ఎవరు?"

"ఏడో నిబంధన అండి. ‘ఫలితం వచ్చు పర్యంతం’ అని తమరే సంతకం చేశారు. ఫలితం వచ్చిందండి. పరిమితి అరవై ఒకటి. కలతేమీ కలగలేదండి, పోతురాజు సాక్షి."

"పెద్దసారు కిక్కురుమనలేదండి," అన్నాడు పోతురాజు.

సారు ఉత్తర్వు తీసి ఏడో నిబంధన మళ్ళీ చదివారు. ఆయన సంతకం ఆయన్నే చూస్తోంది. సంతకం కాదనడం ప్రభుత్వంలో లేని పద్ధతి. నేను అర్జీ ముందు పెట్టి, దాని మీదున్న రెండు చీటీలూ సూదులతో సహా పీకేశాను. ఆ చిల్లుల పక్కనే ఆయన సంతకం చేశారు. "సదరు చెరువులోని చేపలు పరిమితికి లోబడి సంపూర్ణ మనశ్శాంతితో ఉన్నవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

నాగరత్నమ్మ ఆ కాయితాన్ని జాకెట్లో పెట్టుకుని పరిగెత్తింది. పంతొమ్మిదో తేదీ తెల్లవారకముందే వల దిగింది. పొద్దెక్కేసరికి ఐసు పెట్టెలు బండెక్కాయి. మర్నాడు కాలవ కట్టేశారు.

ఇంక మా ఆఫీసు సంగతి. అరవై ఒకటికి కారణం తేల్చడానికి విచారణ జరిగింది. సమావేశాలు, స్పీకరు ఫోన్లు, రుమాలు ఊపడం అన్నీ పరిశీలించి, వాటిలో ఏ దోషమూ లేదని నిర్ణయించారు. అర్జీదారుల రాకపోకల వల్లనే ప్రామాణిక మత్స్యానికి కలత కలిగిందని తేల్చి, ఇకమీదట ప్రజలెవరూ ఆఫీసులోకి రాకూడదని బోర్డు పెట్టారు. పరిమితి మళ్ళీ సున్నాకి దించే ఉత్తర్వు తయారవుతోంది. దాని మీద ఎవరో ‘చర్చించండి’ అని చీటీ గుచ్చారు. ఎవరో నాకు తెలియదు. చర్చ నడుస్తోంది.

పాత శీలావతిని పనికిరాని సామాను జాబితాలో, విరిగిన కుర్చీలకి కిందా తుప్పుపట్టిన బీరువాకి పైనా చేర్చారు. "పారేసేదైతే నాకివ్వండీ," అని నాగరత్నమ్మ గుమ్మం బయటి నుంచే అడిగి, ప్రభుత్వ బకెట్టులో పట్టుకెళ్ళింది.

పదిరోజుల తరవాత ఆ బకెట్టు తిరిగివ్వడానికి వచ్చింది. బోర్డు ప్రకారం లోపలికి రాకూడదు. "నేను లోపలికి పంపింది మనిషిని కాదండీ, బకెట్టుని," అన్నాడు పోతురాజు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"చేపపిల్లల్ని పెంచే గుంటలో వదిలానండీ. అక్కడ బోరు నీళ్ళున్నాయి. రెండురోజులు అక్కడా మూలే చేరింది. మూడోనాడు కర్ర తట్టాను, రాలేదు. అయిదోనాడు వచ్చింది. ఇప్పుడు సంచి చించేస్తంది, తిండిపోతు ముండ," అని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి.

బకెట్టు కింద పెట్టి వెళ్ళబోతూ ఆగింది. నా బల్ల వైపు చూసింది. బీరువాకీ గోడకీ మధ్య, కిటికీ లేని మూలలో నా బల్ల ఉంటుంది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. ఆవిడ నా మొహాన్ని పరీక్షగా చూసింది, అప్పట్లో తొట్టిలోకి చూసినట్టే.

"మీరు మూల చేరి ఎన్నేళ్ళయిందండీ?" అంది.

"పంతొమ్మిది," అన్నాను.

ఆవిడ వేలిముడితో నా బల్ల మీద మూడుసార్లు తట్టింది. టక్, టక్, టక్. తట్టి, గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళిపోయింది.

టైము మూడున్నర. ఆఫీసు అయిదు దాకా. నేను సూదుల డబ్బాకి మూత పెట్టి లేచాను.